పెద్ద కంపెనీ మన గల్లీలోకి వస్తే

ప్రశ్న: మేం నలభై మందిమి కలిసి తెలుగు కథల కోసం మాస్టడాన్ (ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకునే సోషల్ మీడియా సాఫ్ట్‌వేర్) మీద చిన్న సర్వర్ నడుపుకుంటున్నాం. ఫేస్‌బుక్ యజమాని మెటా వాళ్ల త్రెడ్స్ కూడా ఫెడివర్స్‌లోకి (ఇలాంటి సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసే నెట్‌వర్క్‌లోకి) వచ్చింది కదా. మొదట్లోనే బ్లాక్ చేద్దామని సగం మంది, పాఠకులు పెరుగుతారు రానిద్దామని మిగతా సగం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: రానివ్వండమ్మా. గొళ్లెం మాత్రం మీ వైపే ఉంచుకోండి.

జీమెయిల్ నుంచి యాహూకు మెయిల్ వెళ్లినట్టే, ఫెడివర్స్ సర్వర్లు యాక్టివిటీపబ్ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూత్రీసీ దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ప్రకటించింది. ఎవరైనా వాడుకోవచ్చని పెట్టిన దాంట్లోకి ఫలానావాళ్లు రాకూడదంటే కుదరదు. అలాగని మీలో సగం మంది భయం ఉత్తదేం కాదు. గూగుల్ వాళ్ల చాట్ సేవ గూగుల్ టాక్ 2006లో ఎక్స్‌ఎంపీపీ అనే ఉమ్మడి చాట్ పద్ధతి ద్వారా బయటి సర్వర్లతో కలిసింది. 2013లో గూగుల్ కొత్త చాట్ సేవ హ్యాంగవుట్స్ తెచ్చి ఆ దారి వదిలేసింది. పరిచయస్తులంతా జీమెయిల్ వైపే ఉండడంతో చిన్న సర్వర్ల వాళ్లకు మాట్లాడే తోడు కరువైంది. (గూగుల్ ఎక్స్‌ఎంపీపీని చంపేసిందని కొందరంటారు, అది మాత్రం అతిశయోక్తి. వాట్సాప్ తొలినాళ్లలో వాడింది దాన్నే, కొంత మార్చుకుని.)

కాబట్టి చూడాల్సింది మీ పాఠకుల్లో ఎంతమంది ఒక్క కంపెనీ గూట్లో ఉన్నారన్నది. అడ్మిన్ మెనూలో మోడరేషన్ కింద ఫెడరేషన్ పేజీ తెరిచి త్రెడ్స్ డొమైన్ (సర్వర్ చిరునామా) మీద నొక్కితే అటు నుంచి మిమ్మల్ని అనుసరిస్తున్నవాళ్ల లెక్క కనిపిస్తుంది. నెలకోసారి చూడండి. సగం దాటుతోందంటే మిగతా సర్వర్లలో మీ కథలు తెలిసేలా చేయడం మీద దృష్టి పెట్టాలి.

ఆ పేజీలోనే 'లిమిట్', 'సస్పెండ్' అని రెండు తాళాలుంటాయి. లిమిట్ పెడితే వాళ్ల పోస్టులు మీ పబ్లిక్ టైమ్‌లైన్లలో కనపడవు, అనుసరించేవాళ్లకు మాత్రం వస్తాయి. మీకు ఇది చాలు. సస్పెండ్‌తో మాత్రం జాగ్రత్త: రెండు వైపులా ఫాలో బంధాలు తెగిపోతాయి, తర్వాత ఎత్తేసినా వాటంతట అవి తిరిగి అతుక్కోవు. మాస్టడాన్ 4.3 నుంచి తెగినవాళ్ల జాబితాను సీఎస్‌వీ (పట్టిక ఫైల్)గా దించుకునే వీలుంది. బృందంలో ఎవరికైనా ఆ కంపెనీ అసలు గిట్టకపోతే వాళ్ల ఖాతా వరకు ఆ డొమైన్‌ను వాళ్లే బ్లాక్ చేసుకోవచ్చు. దాని కోసం నలభై మందీ ఓట్లేసుకోనక్కర్లేదు.

ప్రశ్న: త్రెడ్స్‌ను సస్పెండ్ చేస్తే మా రాతలు వాళ్లకు చేరనట్టేనా?
- ఒక సర్వర్ అడ్మిన్, కూకట్‌పల్లి

జవాబు: మీ సర్వర్ పంపడం ఆపేస్తుంది, అంతవరకే. మీ పోస్టును వేరే సర్వర్‌లోని మిత్రుడు బూస్ట్ చేస్తే (తనవాళ్లకు మళ్లీ పంచితే) దాని లింకు అటు చేరుతుంది, వాళ్ల సర్వర్ వచ్చి మిమ్మల్నే అడుగుతుంది. మామూలుగా మాస్టడాన్ అడిగినవాడెవడో చూడకుండా ఇచ్చేస్తుంది. దీన్ని ఆపాలంటే సర్వర్ సెట్టింగ్స్ ఉండే ఎన్‌విరాన్‌మెంట్ ఫైల్లో ఆథరైజ్డ్ ఫెచ్‌ను 'ట్రూ' చేసి వెబ్, సైడ్‌కిక్ (తెర వెనక పనులు చేసేది) రెండూ రీస్టార్ట్ చేయండి. ఇక తానెవరో చెప్పే డిజిటల్ సంతకంతో వచ్చి అడిగితేనే ఇస్తుంది, సస్పెండ్ చేసిన డొమైన్‌కు ఇవ్వదు. ప్రతి అభ్యర్థననూ పరీక్షించాలి కనుక సర్వర్ మీద బరువు పెరుగుతుంది.

ఇంత చేసినా పబ్లిక్ పోస్టు వెబ్ పేజీగా ఎవరైనా చదవగలరు. ఒకసారి బయటి సర్వర్‌కు చేరినదాన్ని మీరు డిలీట్ చేస్తే అక్కడికి వెళ్లేది విన్నపమే, పాటించడం వాళ్లిష్టం. దాచుకోవాల్సిన మాట పబ్లిక్‌లో పెట్టకండి.

ప్రశ్న: పెద్ద ఖాతాలను అనుసరించడం మొదలుపెట్టాక మా సర్వర్ డిస్కు నిండిపోతోంది. ఏం చేయాలి?
- అదే అడ్మిన్

జవాబు: మీవాళ్లు పెట్టిన ఫొటోలు కావవి. మీరు అనుసరించే బయటి ఖాతాల ఫొటోలు, వీడియోలు కాపీగా వచ్చి కూర్చుంటాయి. సర్వర్ సెట్టింగ్స్‌లోని కంటెంట్ రిటెన్షన్‌లో మీడియా క్యాష్‌కు (ఆ కాపీల నిల్వకు) 7 రోజులు పెట్టండి. చెరిగిన ఫొటో ఎవరైనా తెరిస్తే మూల సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకుంటుంది.

ఆ పక్కనే బయటి పోస్టులనే చెరిపేసే గడి ఒకటుంది. చోటు కలిసొస్తుందని అందులో అంకె వేయకండి. మీవాళ్లు బుక్‌మార్క్ చేసుకున్నవీ, ఇతర సర్వర్ల వాళ్లతో ఆంతరంగికంగా మాట్లాడుకున్నవీ కూడా పోతాయి, తిరిగి రావు.

ప్రశ్న: రేపు మా సర్వర్ మూతపడితే?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మూతపడకముందే వేరే సర్వర్‌కు కదలాలి. ముందు కొత్త ఖాతాలో పాతదాన్ని 'ఏలియాస్'గా (మారుపేరుగా) చేర్చండి, తర్వాత పాత ఖాతాలో 'మూవ్' నొక్కండి. ఈ వరస తిరగేస్తే పని జరగదు. ఫాలోవర్లు వెంట వస్తారు, పోస్టులు రావు. వాటి ఆర్కైవ్ ముందే దించుకోండి. ఒకసారి మారాక 30 రోజుల వరకు మళ్లీ మారనివ్వదు, కాబట్టి చేరబోయే సర్వర్ నియమాలు చదివాకే మీట నొక్కండి.