పక్కింటి కుక్క గోల గురించి గొడవ పడకుండా ఎలా చెప్పాలి? కుక్క ఉన్న ఇంటి నుంచి నా జవాబు

ప్రశ్న అడిగినావిడ సంగతి ఇదీ. పక్కింటివాళ్ళు ఏడాది కిందట కుక్కని తెచ్చారు, రాత్రుళ్ళు అరుస్తూనే ఉంటుంది, తెల్లారితే వీళ్ళ గేటు ముందే దొడ్డికి కూర్చుంటుంది, ఆ ఇంటితో ఇరవై ఏళ్ళ రాకపోకలు, అవి చెడకుండా ఎలా చెప్పాలి అని. దీనికి వచ్చిన సలహాలు చూస్తే నాకు కడుపు మండింది. ఒకాయన కేసు పెట్టమంటాడు, ఇంకొకాయన ఏకంగా అన్నంలో మందు కలిపి పడెయ్యమంటాడు. నోరులేని జీవానికి విషం పెట్టడం ఎంత పాపమో అలా ఉంచండి, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు పడే నేరం అది. దయచేసి అలాంటివి సరదాకి కూడా రాయకండి.

నేను అటువైపు మనిషిని. అంటే అరిచిన కుక్క మా ఇంట్లోది. అందుకే నా జవాబు వేరేగా ఉంటుంది.

మాది పర్లాకిమిడి. పేరుకి ఒడిశా గానీ మా వీధిలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే, కూతవేటు దూరంలో పాతపట్నం, అక్కడికెళ్తే ఆంధ్రా. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నేనూ మాట్లాడినట్టే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా వీధిలో ఇళ్ళు ఎలాగుంటాయంటే, ఇటు వీధి అటు పెరడు, రైలు పెట్టెలాగ పొడుగ్గా, రెండిళ్ళకీ మధ్యన ఒకటే గోడ. మా గోడకి అవతల ఒరియావాళ్ళు. ఆవిడని మేము మావుసీ అంటాం, అంటే పిన్ని, ఆయన్ని మావుసా అంటాం, అంటే బాబాయి. నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ వాళ్ళే మాకు పెద్దదిక్కు.

మా చిట్టిని మా అబ్బాయి ప్లస్ టూ చదివేటప్పుడు తెచ్చాడు. లాబ్రడార్ క్రాస్ అని ఇచ్చారు, పెరిగాక చూస్తే చెవులు తప్ప మిగతాదంతా మన వీధి కుక్కే, మాకు అదే ముద్దు. వాడున్నన్నాళ్ళూ రెండుపూటలా ఏటిగట్టు దాకా తిప్పుకొచ్చేవాడు. 2018లో వాడు చదువుకి భువనేశ్వర్ వెళ్ళిపోయాడు. మావారు తొమ్మిదింటికి షాపుకెళ్తే మళ్ళీ రాత్రి తొమ్మిదికే రావడం. నేను వీధిగదిలో మిషన్ కుడతాను, జాకెట్లకి వచ్చే ఆడవాళ్ళు కుక్కని చూసి భయపడతారు కదా అని దాన్ని పెరట్లో రేకుల షెడ్డు కింద కట్టేసేదాన్ని. నాలుగడుగుల గొలుసు, పొద్దున్నించి రాత్రి దాకా. రాత్రికి కూడా అక్కడే. ఆ షెడ్డు ఆనుకున్నది మావుసీవాళ్ళ గోడనే అని నాకు తెలుసు, కానీ దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వీధిగదిలో మిషన్ చప్పుడు, ఫ్యాన్, టీవీ, వీటిల్లో నాకు చిట్టి అరుపు ఎప్పుడో ఓసారి లీలగా వినపడేది. మేము పడుకునేదీ వీధివైపే. మా కుక్క అరవదండీ, చాలా బుద్ధిమంతురాలు అని నేనే పదిమందికి చెప్పాను. ఒట్టు, నిజంగానే నమ్మాను.

2019 మే నెల. కొత్తావకాయ పెట్టి మావుసీకి ఓ చిన్న జాడీ తీసుకెళ్ళాను, మధ్యాహ్నం రెండయ్యుంటుంది. మావుసాకి ఆ జనవరిలోనే వైజాగ్‌లో గుండె ఆపరేషన్ అయింది, మధ్యాహ్నం తప్పకుండా పడుకోవాలని డాక్టర్లు చెప్పారంట. వెనకగది చల్లగా ఉంటుందని అక్కడ మంచం వేశారు. పలకరిద్దామని లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

అప్పుడు వినపడింది. ముందు గొలుసు. గచ్చు మీద ఝర్రుమని ఈ చివరికి, ఠప్పున ఓ గుంజు, మళ్ళీ ఝర్రుమని ఆ చివరికి. తర్వాత అరుపు. పైన రేకు కదా, ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు మోగుతోంది. మూడు అరుపులు, ఒక మూలుగు, కాసేపు ఏమీ లేదు, హమ్మయ్య ఆగింది అనుకునేలోపు మళ్ళీ మూడు. నా పక్కన మంచం మీద మావుసా కళ్ళు తెరవలేదు గానీ ప్రతి అరుపుకీ ఆయన కాలి బొటనవేలు ఉలిక్కిపడుతోంది. కిటికీ వైపు చూస్తే, మా పెరటివైపు ఉండే ఆ చిన్న కిటికీ, దాని ఊచల మధ్య పాత దుప్పటి కుక్కేసి ఉంది. మే నెలలో. మనిషికి గాలాడాల్సిన గదికి.

ఆయన కాసేపటికి కళ్ళు విప్పి నన్ను చూశారు. చూసిన వెంటనే ఏం చేశారో తెలుసా, గబగబా రెండు చెవుల్లోంచీ దూది తీసి తలగడ కింద పెట్టేశారు. నేను చూసి బాధపడతానని. చూడలేదనుకున్నారు పాపం. "ఎప్పుడొచ్చావమ్మా, పిల్లడు ఫోన్ చేశాడా" అని అడిగారు.

బయటికొచ్చాక మావుసీని అడిగాను, ఎప్పట్నుంచి ఇలాగ అని. "ఏం లేదమ్మా, నోరులేనిది, దానికేం తెలుసు, మాకు అలవాటైపోయింది" అంది. నేను లెక్కేసుకుంటే పది నెలలు. పది నెలల్లో రోజూ గోడ మీంచి కూరలు ఇచ్చుకున్నాం, ఒక్క మాట అనలేదు వాళ్ళు. నేను ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చాను. చిట్టి నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, అరుపు ఆగిపోయింది. దానికి కావల్సింది అదే, మనిషి.

మర్నాడు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు పళ్ళు, చెవులు, పొట్ట అన్నీ చూసి దీనికి జబ్బేం లేదు, రోజంతా కట్టేస్తే ఏ కుక్కైనా అరుస్తుంది, ముందు గొలుసు విప్పి నడిపించండి అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, ఎప్పుడూ గొలుసుతోనే ఉంచి దానికి నడకా వ్యాయామం లేకుండా చెయ్యడం కూడా 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరమేనంట. పెంచుకునేవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఇది? మనం కుక్కకి అన్నం పెడుతున్నాం కదా అనే గర్వంలోనే ఉంటాం.

ఆ వారంలోనే చోటు మార్చేశాం. వీధివైపు వరండాకి జాలీ గేటు పెట్టించి చిట్టిని నేను మిషన్ కుట్టే చోటికి ఎదురుగా ఉంచాను, గొలుసు లేకుండా. జాకెట్లకి వచ్చేవాళ్ళు గేటు బయటే కొలతలిస్తారు, ఇద్దరు ముగ్గురు మానేశారు, పోనీ. పొద్దున్న ఐదింటికి మహేంద్రతనయ ఏటిగట్టు మీద నలభై నిమిషాలు నేను, రాత్రి షాపు నుంచి రాగానే మావారు. పది రోజులకి రాత్రి అరుపు పూర్తిగా పోయింది. నా అనుభవంలో చెప్తున్నాను, అలిసిన కుక్క అరవదు, తోడున్న కుక్క అసలు అరవదు. నన్నడిగితే అరిచే కుక్కల్లో నూటికి తొంభై ఒంటరితనంతోనే అరుస్తాయి.

నడక మొదలెట్టాక రెండో సమస్య వచ్చింది, దొడ్డి. మావారికి మొదట్లో చచ్చేంత నామోషీ, నలుగురూ తిరిగే వీధిలో వంగి పేపరుతో ఎత్తడం ఏటి అని. నేను ఒకటే అడిగాను, మన మనవడైతే ఎత్తరా? ఇప్పుడు జేబులో పాత పేపరు ముక్కలు, ఒక కవరు లేకుండా ఆయన గుమ్మం దిగరు. ఇది శుభ్రం ఒక్కటే కాదండీ. కుక్క మలంలో కొంకిపురుగుల గుడ్లుంటాయి, అవి మట్టిలో పిల్లలై ఉత్తకాళ్ళతో తొక్కినవాళ్ళ చర్మంలోంచి లోపలికి పోతాయి. మా వీధిలో పిల్లలు చెప్పులేసుకుని ఆడటం నేనింతవరకూ చూడలేదు. అందుకే మూడు నెలలకోసారి పురుగుల మందు కూడా తప్పకుండా వేస్తాం.

ఆపరేషన్ సంగతి కూడా చెప్పాలి. ఆడకుక్కకి గర్భసంచి తీయించమంటే అయ్యో పాపం, ఒక్క ఈతైనా ఈననివ్వండి అంటారు. ఎదకొచ్చినప్పుడు ఏమవుతుందో వీళ్ళకి తెలీదు. ఏడాదికి రెండుసార్లు ఊళ్ళో ఉన్న మగకుక్కలన్నీ మన గుమ్మం ముందే, రాత్రంతా కాట్లాటలు, నైట్ డ్యూటీ నుంచి బండి మీద వచ్చేవాళ్ళ వెంట పడటం. అవి మనవి కావు గానీ వచ్చింది మన కుక్క కోసమే కదా. రెండు నెలలకి ఆరో ఏడో పిల్లలు. మగపిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకెళ్తారు, ఆడపిల్లల్ని మాత్రం అట్టపెట్టెలో పెట్టి సంతలో వదిలేసి వస్తారు. మా బంధువుల్లోనే చూశాను, మొహం మీదే అడిగాను, ఆ ఇంటికి నేను ఇప్పటికీ వెళ్ళను. చిట్టికి మాత్రం 2019 దసరా లోపే చేయించేశాం.

ఇంత చేసినా ఒకసారి తప్పు జరిగింది, అదీ దాచను. 2022లో గేటు గడియ సరిగ్గా పడక పేపరు వేసే గుంటడి పిక్క పట్టేసింది చిట్టి. రెండు పంటిగాట్లు, కాస్త రక్తం. వాడి వెనకాలే వచ్చిన పెద్దమనిషి ఒకాయన పసుపూ కారం అద్దమంటున్నాడు. ఎవరూ అలా చెయ్యకండి, కారం సున్నం నాటు మందు ఏదీ పెట్టకూడదు. కుళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను, గడియారం చూసి. తర్వాత స్కూటీ మీద పెద్దాసుపత్రికి. చిట్టికి మూడో నెలలో రేబిస్ టీకా వేయించాం, అక్కడ్నుంచి ప్రతి ఏడూ వేయిస్తూనే ఉన్నాం, కార్డు చూపించాను, అయినా కుర్రాడికి ఇంజక్షన్లు వెయ్యాల్సిందే అన్నారు, రక్తం వచ్చింది కాబట్టి గాటు చుట్టూ ఇంకో మందు కూడా ఇచ్చారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాయంటే మనిషి బతకడం దాదాపు లేనట్టే, అందుకే కార్డు చూసి ఊరుకోరు. వాళ్ళమ్మ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులేమో అని భయపడిపోయింది, ఆ కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికే. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, నాలుగుసార్లూ నేనే తీసుకెళ్ళాను, కేలెండర్లో ఎర్రసిరాతో గుండ్రాలు చుట్టుకుని. చిట్టిని పది రోజులు కళ్ళల్లో పెట్టుకుని చూశాం, డాక్టరుగారు చెప్పినట్టు. వాళ్ళు కేసు పెట్టి ఉంటే తప్పే లేదు, కుక్కని జాగ్రత్తగా చూసుకోని యజమానికి ఇప్పుడైతే న్యాయ సంహిత 291 ప్రకారం ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. వాళ్ళు పెట్టలేదు. మొదటి గంటలోనే మేము వాళ్ళింట్లో ఉన్నాం కాబట్టి పెట్టలేదు అని నేననుకుంటాను.

వీధి కుక్కలకి అన్నం పెట్టేవాళ్ళతో కూడా నాకో మాటుంది. పెట్టండి, నేనూ పెడతాను. కానీ మిగిలిన బిర్యానీ తెచ్చి ఇంకొకళ్ళ గుమ్మం ముందు కుమ్మరించి వెళ్ళిపోవడం ఏటండీ? అవి అక్కడే కాపుకాసి ఆ ఇంటివాళ్ళ పిల్లలనే బెదిరిస్తాయి. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టులో చెప్పింది, మేత పెట్టడానికి విడిగా చోట్లు ఉండాలని.

సరే, అడిగినావిడకి జవాబు. ఉత్తరం రాయకండి, వాట్సాప్‌లో పెట్టకండి, వీధిలో నిలబెట్టి నలుగురి ముందు అడగకండి. వాళ్ళకి వినపడటం లేదమ్మా, నిజంగా వినపడటం లేదు, నాకు వినపడనట్టే. గోడకి ఇవతల ఎలా ఉంటుందో ఇవతల కూర్చుంటేనే తెలుస్తుంది. ఓ రాత్రి ఆ ఇంటావిడని టీకి పిలవండి, ఆ కుక్క ఎక్కువగా అరిచే వేళ చూసి. మీ పడగ్గదిలోనే కూర్చోబెట్టండి, ఎవరైనా నిద్రపోయే చోట. టీవీ కట్టేయండి. ఫ్యాను కూడా ఓ పది నిమిషాలు ఆపండి, ఉక్కపోసినా సరే. కుక్క మాట మీరు ఎత్తొద్దు. ఆవిడే ఎత్తుతుంది.

గేటు ముందు దొడ్డి సంగతి మాత్రం ఆ రాత్రి కలపకండి, అది ఇంకో రోజు, ఆవిడ మనసు కాస్త కుదుటపడ్డాక. ఏమైందో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.