పిల్లల ఫొటోలు తీస్తానంటోంది.. కెమెరా కొనిపెట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ పూర్తిచేసింది. బంధువుల ఇళ్లలో చిన్నపిల్లల్ని పోజులు పెట్టించకుండా భలే ఫొటోలు తీస్తుంది. ఇక అదే వృత్తిగా పెట్టుకుంటానని, లక్షన్నర పెట్టి కెమెరా కొనమని పట్టుబట్టింది. ఇది తిండి పెడుతుందా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: పెడుతుందమ్మా, కాస్త ఆలస్యంగా. లక్షన్నర మాత్రం ఇప్పుడే తీయకండి.

బంధువుల పిల్లలకు మీ అమ్మాయి అక్కో పిన్నో. పిలవకుండానే ఒళ్లోకి వస్తారు. డబ్బు తీసుకుని కొత్త ఇంటికి వెళ్తే బిడ్డ తల్లి కొంగు వదలదు. అక్కడ మొదటి అరగంట కెమెరా సంచిలోంచి తీయకుండా కూర్చోగలదా? ముందు అది తేలాలి.

భోగిపళ్ల పేరంటమే తీసుకోండి. బిడ్డ నెత్తిన రేగిపళ్లు, చిల్లర, పూలరేకులు పడుతుంటాయి. చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని 'ఇటు చూడు బంగారం, నవ్వు' అంటారు. బిడ్డ ఏడుపు లంకించుకుంటుంది, అందరూ ఫోన్లు దించేస్తారు. క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా, తీసేవాళ్లకు పని అప్పుడే మొదలవుతుంది. బిడ్డ కళ్ల ఎత్తుకు నేలమీద చతికిలబడి చూస్తుంటారు. ఏడుస్తూనే బిడ్డ ఒళ్లో పడ్డ రూపాయి బిళ్లను రెండు వేళ్లతో పట్టుకుంటుంది, నోటి దాకా తెస్తుంది. వెనకనుంచి అమ్మమ్మ చెయ్యి చటుక్కున వస్తుంది. ఆ చెయ్యి వస్తుందని ముందే పసిగట్టినవాళ్లకే ఆ ఫొటో దొరుకుతుంది. (నా చిన్నప్పటి స్టూడియో ఫొటోలో బుగ్గన చుక్క, చేతిలో ప్లాస్టిక్ ఫోను. పోలీస్ స్టేషన్లో నిలబెట్టినట్టు ఉంటాను.)

దీనికి సెకండ్‌హ్యాండ్ కెమెరా, వెలుతురు బాగా లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 ఉన్న 50 ఎంఎం లెన్సు చాలు. కిటికీ పక్క వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీయొచ్చు. పరిగెత్తే పిల్లలు మసకగా పడకుండా షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 500వ వంతు పెట్టుకోవాలి. ఇవి నెలలో వంటబడతాయి.

చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ అనే కళల డిగ్రీ ఉంది. డిగ్రీ అయ్యాక మళ్లీ నాలుగేళ్లంటే నేనైతే వెళ్లమనను. ఒక ఏడాది ఎవరైనా పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేయనివ్వండి. 'పెళ్లిళ్లు నాకొద్దు' అంటుందేమో. కానీ జనం మధ్య మసలడం, బ్యాకప్, ఎడిటింగ్, ఆల్బం లెక్కలు అక్కడే వస్తాయి. ఆ తర్వాత తన దారి తనది. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి గానీ పుట్టినరోజులు ఆగవు.

పురిటి బిడ్డల ఫొటోల జోలికి మాత్రం సొంతంగా పోవద్దనండి. గడ్డం కింద చేతులు పెట్టుకుని పడుకున్నట్టుండే ఆ ఫొటోలో బిడ్డ తలను పెద్దవాళ్లు పట్టుకునే ఉంటారు. రెండు ఫొటోలు తీసి, కలిపి, ఆ చేతుల్ని చెరిపేస్తారు. యూట్యూబ్ చూసి ప్రయత్నించే పని కాదది.

కాగితం సంగతి చాలామంది పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. అంటే ఆ పాప ఫొటోను మీ అమ్మాయి తన ఇన్‌స్టా పేజీలో ఊరికే పెట్టేసుకోకూడదు. బేరం కుదిరిన రోజే తల్లిదండ్రుల సంతకంతో ఒక పేజీ రాయించుకోవాలి. ఎన్ని ఫొటోలిస్తుంది, ఎప్పటికిస్తుంది, ఏవి బయట పెట్టొచ్చు అన్నవి అందులో ఉండాలి. బీకామ్ చదివిన పిల్లకు ఇది కష్టం కాదు.

రాబోయే ఆరు నెలల్లో బొత్తిగా పరిచయం లేని మూడు ఇళ్లకు వెళ్లమనండి. వెయ్యి రూపాయలైనా సరే, తీసుకునే చేయాలి. వాళ్లలో ఒక్కరైనా తమ వాళ్లకు చెప్పి ఇంకో ఇంటిపని పంపితే అప్పుడు కొత్త కెమెరా చూడండి. ఆ డబ్బంతా మీరే పెట్టనక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు అప్పులిప్పించే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 వరకు పూచీకత్తు లేకుండా అప్పు దొరుకుతుంది. అది అమ్మాయి పేరు మీదే తీసుకుని, వాయిదాలు తననే కట్టుకోమనండి.