మీ ఇంటిపేరు ఏమిటి? ఆ ఇంటిపేరు గల ప్రముఖులు ఎవరు?

మా పుట్టింటి పేరు పింగళి. పెళ్లయ్యాక కాగితాల్లో మారింది కానీ, ఎవరింటి ఆడపడుచువని అడిగితే ఇప్పటికీ ముందు నోటికొచ్చేది అదే.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆగస్టు 15న జెండా ఎగరేశారు. అందులోంచి రాలిన బంతిపూల రేకులు ఇంకా మా జడల్లోనే ఉన్నాయి. టీచరు గారు నన్ను పిలిచి, "పింగళి వెంకయ్య గారు మీకేమవుతారు?" అన్నారు. "తాతయ్యండీ" అనేశాను. సాయంత్రం నాన్నకు చెబితే కోప్పడలేదు. "ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులం కామమ్మా" అని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన గురించి చెప్పారు.

వెంకయ్య గారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారు, గాంధీగారిని అక్కడే కలిశారు. జెండా ఎలా ఉండాలో ఎన్నో నమూనాలు గీసి 1916లో పుస్తకమే వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా చూపిస్తే, గాంధీగారు తెలుపు కూడా కలపమన్నారు. మేలురకం పత్తి మీద చేసిన కృషికి జనం ఆయన్ని 'పత్తి వెంకయ్య' అని కూడా పిలిచేవారు. 1963లో పోయారు. పేదరికంలోనే పోయారు, అదే నాకు బాధ.

అందరికీ ఆయనొక్కరే గుర్తొస్తారు గానీ, ఈ ఇంటిపేరు అంతకు చాలా ముందే తెలుగులో స్థిరపడింది. 16వ శతాబ్దపు పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ రెండూ పలికేలా 'రాఘవపాండవీయం' రాశాడు. నాన్న ఒక పద్యం చదివి, రెండు అర్థాలూ విడదీసి చెప్పారు. ఒక్క పదాన్ని ఒకచోట కలిపి, మరోచోట విరిచి చదివితే కథే మారిపోయింది! 'కళాపూర్ణోదయం' కథ అయితే పురాణాల్లోది కాదు, ఆయన సొంత కల్పన. నన్నడిగితే మా ఇంటిపేరు వాళ్లలో అందరికన్నా పెద్దాయన సూరనే.

సినిమా రచయితల్లో పింగళి నాగేంద్రరావు గారు. అసమదీయులు, తసమదీయులు అని మనం ఇప్పటికీ వాడుతున్నామంటే ఆయన చలవే. కాటూరి వెంకటేశ్వరరావు గారితో జంటగా 'సౌందరనందం' రాసిన పింగళి లక్ష్మీకాంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు. వెంకయ్య, నాగేంద్రరావు, లక్ష్మీకాంతం గార్లు ముగ్గురి జీవితాల్లోనూ బందరు ఉంది. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా నాకు పుట్టింటికి వెళ్లినట్టే ఉంటుంది.