మినుము వేళ్ల బుడిపెలు తెగులు కాదు, ముందు ఆ పసుపు తీగ సంగతి చూడండి

ప్రశ్న: నాకు రెండెకరాల మాగాణి ఉంది. వరి కోతకు మూడు రోజుల ముందు మినుము చల్లాను. పైరు వయసు 35 రోజులు. ఐదారు చోట్ల మొక్కలు పసుపు రంగుకు తిరిగి గిడసబారాయి. పీకి చూస్తే వేళ్ల నిండా గుండ్రటి బుడిపెలు ఉన్నాయి. మందుల షాపు ఆయన చూసి నులిపురుగు పడిందన్నాడు. ఎకరాకు 10 కిలోల కార్బోఫ్యూరాన్ గుళికలు, ఒక కట్ట యూరియా చల్లమన్నాడు. మొక్కల మీద చీమలు కూడా ఎక్కువగా తిరుగుతున్నాయి. వాటికోసం ఇప్పటికే రెండుసార్లు, మూడేసి మందులు కలిపి కొట్టాను. ఒక మూల పసుపుపచ్చ దారం లాంటి తీగ అల్లుకుంది. గుళికలు ఎప్పుడు వేయాలో చెప్పగలరు. వాట్సాప్‌లో ఫోటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: గుళికలు వేయొద్దు. ఇప్పటికే కొని ఉంటే సంచి విప్పకుండా తిరిగి ఇచ్చేయండి. యూరియా కూడా చల్లొద్దు.

మీ ఫోటోల్లో కనిపించేవి నులిపురుగు కట్టిన బుడిపెలు కావు. అవి రైజోబియం అనే మేలు చేసే బాక్టీరియా ఉండే బుడిపెలు. అవి ఉంటేనే మినుముకు తిండి. నా మాట మీద నమ్మకం కుదరకపోతే రేపు ఉదయం పొలంలో మూడు పనులు చేయండి. పసుపు మొక్కను కాకుండా, పచ్చగా నవనవలాడుతున్న మొక్క ఒకటి వేరు తెగకుండా మట్టితో సహా తవ్వి తీయండి. దానికీ ఇవే బుడిపెలు ఉంటాయి. ఇంకా ఎక్కువే ఉండొచ్చు. తెగులే అయితే ఆ మొక్క అంత పచ్చగా ఎలా ఉంటుంది? తర్వాత వేరును నీళ్లలో కడిగి బుడిపెను బొటనవేలి గోటితో పక్కకు తోయండి. రైజోబియం బుడిపె వేరుకు పక్కన పూసలా అంటుకొని ఉంటుంది కాబట్టి ఊడి చేతిలోకి వస్తుంది. నులిపురుగు పడితే వేరే ఉబ్బి ముడి పడుతుంది, వేరు తెగితే తప్ప అది ఊడిరాదు. చివరగా బుడిపెను బ్లేడుతో రెండుగా కోయండి. లోపల గులాబీ రంగో ఎరుపో కనిపిస్తే అది పని చేస్తున్న బుడిపె. మన రక్తంలో ఎర్రదనం ఇచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం లాంటి పదార్థమే ఆ రంగుకు కారణం. లోపల తెల్లగా ఉంటే ఇంకా లేతది, లేదా పని చేయనిది. ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే దాని పని అయిపోయింది. కాయ ముదిరే వేళకు అన్నీ అలా అవుతాయి, అప్పుడు కంగారు పడొద్దు. 35 రోజుల పైరులో మాత్రం ఎర్రగా ఉండాలి.

ఇంకో మాట. నెలల తరబడి నీళ్లు నిలిచిన మాగాణిలో మినుమును పట్టే నులిపురుగు బెడద మెట్టతో పోలిస్తే చాలా తక్కువ. ఈ సంగతి తెలిసినవారెవరూ మీ భూమి ఏమిటో అడగకుండా గుళికలు చేతిలో పెట్టరు. వేళ్ల మీద బుడిపె చూసి రోగమనుకోవడం కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కూడా వీటిని పురుగు వల్ల లేచిన ఉబ్బులనే అనుకున్నాడు. 1888లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు ఇవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని చూపించారు. ఇన్నేళ్ల తర్వాత మీరు ఆ పాత పొరపాటుకు డబ్బు కట్టాల్సిన అవసరం లేదు.

యూరియా ఎందుకు వద్దంటున్నానంటే, ఆ బాక్టీరియా ఊరికే పని చేయదు. మొక్క దానికి చక్కెర పెడుతుంది, అది మొక్కకు నత్రజని ఇస్తుంది. బయటి నుంచి యూరియా దండిగా దొరికితే మొక్క బుడిపెలకు తిండి తగ్గిస్తుంది, కొత్త బుడిపెలు కట్టడం మానేస్తుంది. మెట్ట మినుముకు మేము సిఫార్సు చేసేదే ఎకరాకు 8 కిలోల నత్రజని, అదీ దుక్కిలో. 45 కిలోల యూరియా కట్టలో దాదాపు 20 కిలోల నత్రజని ఉంటుంది. మీ పైరు ఆకు మీద ఆకు వేసి ఏపుగా పెరుగుతుంది, పూత ఆలస్యమవుతుంది, రసం పీల్చే పేనుబంక ఇంకా ఎగబడుతుంది. గుళికల సంగతి చెప్పనక్కర్లేదు. అవి గింజలనుకొని తిని పిట్టలు చస్తాయి. రేపు మీ చేలో శనగపచ్చ పురుగును ఏరి తినాల్సినవి ఆ పిట్టలే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ పసుపు తీగే మీ శత్రువు. అది బంగారు తీగ. మీరు పంపిన ఆరు ఫోటోల్లో నాలుగింట పసుపు మొక్కల మొదళ్లను అది చుట్టుకొని ఉంది. మీరు బుడిపెల మీద దృష్టి పెట్టారు కాబట్టి కనబడలేదు. దానికి ఆకు లేదు, మినుమును పట్టుకున్నాక నేలలో వేరు కూడా ఉండదు. కాండంలోకి పీలికల్లాంటి వేళ్లు దించి, మొక్క తయారు చేసుకున్న చక్కెరను, నీటిని నేరుగా తాగుతుంది. బుడిపెలోని బాక్టీరియా తిన్నదానికి బదులు ఇస్తోంది. ఇది మాత్రం తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకం.

కృష్ణా డెల్టా మాగాణి మినుములో ఇది ఏటా ఉన్న బెడదే. దీనికి విరుగుడు అంతా సమయంలోనే ఉంది. వరి పనలు తీసిన వెంటనే ఎకరాకు 1.25 లీటర్ల పెండిమిథాలిన్ 30 శాతం కలుపు మందును 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, నేల తడిగా ఉండగా చల్లి ఉంటే చాలావరకు మొలక దశలోనే పోయేది. లేదా పైరు 20 రోజులప్పుడు ఇమాజితాఫిర్ 10 శాతం మందు ఎకరాకు 200 మి.లీ. 200 లీటర్ల నీటిలో కొట్టి ఉండాల్సింది. మీకు రెండు సమయాలూ దాటిపోయాయి. 35 రోజుల పైరు మీద ఇప్పుడు ఇమాజితాఫిర్ కొడితే తీగ లొంగదు, మినుమే దెబ్బతింటుంది. షాపులో ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఇప్పుడు మిగిలింది చేతి పనే. ఈ వారంలోనే చేయాలి. తీగకు తెల్లటి చిన్న పూల గుత్తులు కనిపించాయంటే ఆలస్యమైనట్టే. తీగను మాత్రమే లాగితే లాభం లేదు, కాండంలో మిగిలిన పీలికల నుంచి మళ్లీ చిగురిస్తుంది. తీగ పట్టిన మినుము మొక్కలన్నీ పీకేయాలి, వాటి చుట్టూ మరో రెండు అడుగుల మేర పైకి బాగున్నట్టు కనిపించేవి కూడా. పీకిన వాటిని చేలో ఈడ్చుకుంటూ తీసుకెళ్లొద్దు. జారిపడిన ముక్క పక్క మొక్కను పట్టుకుంటుంది. అక్కడే గోనెసంచిలో కుక్కి, బయటికి తీసుకెళ్లి ఎండబెట్టి కాల్చేయండి. పశువులకు వేయొద్దు, గింజ కట్టినదైతే అసలే వద్దు. ఆ గింజ పశువు కడుపులో పడినా చావకుండా పేడలో వచ్చి, ఎరువుతో మీ చేలోకే తిరిగి వస్తుంది. నేలలో పడిన గింజ పదేళ్లు దాటినా మొలవగలదు. ఐదారు చోట్ల కలిపి మీకు పోయేది నాలుగైదు సెంట్ల పైరు. బాధే, ఒప్పుకుంటాను. దాన్ని కాపాడుకోవాలని చూస్తే వచ్చే ఏడు అర ఎకరం పోతుంది. వారం తర్వాత ఆ చోట్లకు మళ్లీ వెళ్లి చూడండి.

వచ్చే ఏడాది ఆ చెక్కలో మినుము చల్లొద్దు. మీ వైపు వరి తర్వాత దుక్కి లేకుండా మొక్కజొన్న వేస్తున్నారు కదా, అది వేయండి, లేదా జొన్న. గడ్డి జాతి పైర్లను ఈ తీగ పట్టదు. బంగారు తీగ మొలక పక్క మొక్క వాసన పట్టి దానివైపు వంగుతుందని 2006లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. టమాటావైపు మొగ్గిన మొలక గోధుమవైపు అంతగా మొగ్గలేదు. ఆసరా దొరకని మొలక కొద్ది రోజుల్లో ఎండిపోతుంది. మళ్లీ మినుము వేసేటప్పుడు విత్తనం మీ చేలోది వాడకండి. తీగ గింజ మినుము కంటే చాలా చిన్నది, జల్లెడ పడితే చాలావరకు దిగిపోతుంది కానీ పూర్తిగా కాదు.

చీమల సంగతి. చీమలు మినుమును తినవు. అవి పేనుబంక కోసం వచ్చాయి. లేత కొమ్మ చివర, ఆకు అడుగున చూడండి, నల్లటి చిన్న పేలు గుంపుగా ఉంటాయి. అవి విసర్జించే తియ్యటి బంక చీమలకు ఆహారం. అందుకు బదులుగా చీమలు వాటికి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. మన వాళ్లు పాడి గేదెలను చూసుకున్నట్టే. మీరు చీమను చూసి మందు కొట్టారు. ఆ మందుకు చీమ కన్నా ముందు పోయింది అక్షింతల పురుగు. దాని పిల్ల పురుగును చూసి కూడా చాలామంది భయపడతారు. నల్లగా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది, రోజంతా పేనుబంకను తింటూనే ఉంటుంది. మందు కొట్టాక మొదట తిరిగి వచ్చేది మాత్రం పేనుబంకే. దానికి మగ తోడు అక్కర్లేదు, ఆడది గుడ్డు కాకుండా నేరుగా పిల్లలనే పెడుతుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో తల్లి అవుతుంది. అక్షింతల పురుగు పుంజుకోవడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో మళ్లీ మందు, మళ్లీ ఖర్చు.

మూడు మందులు కలిపి కొట్టడం మీద నాకు చాలా కోపం ఉంది, దాచుకోను. ఏ మందు దేనికో మీకు తెలియదు, అమ్మినవారు చెప్పలేదు. ఈ సీజన్‌లో నాకు వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే కథ. షాపు ఆయన మీ పొలం గట్టు ఎక్కలేదు, పచ్చటి మొక్కను పీకి చూడలేదు. ఆయన అరలో ఉన్న సరుకు మీ చేలో రోగానికి సరిపోయిందంతే. బిల్లు అడగండి. మందు పేరు, ఎకరాకు మోతాదు, ఏ పురుగుకో రాసిమ్మనండి. రాయనంటే కొనొద్దు. మొక్కను వేరుతో సహా తడి గుడ్డలో చుట్టి మీ ఊరి రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. రెండూ ఉచితమే.

ఇప్పటికి పేనుబంకకు ఏమీ కొట్టొద్దు. చేలో ఐదు చోట్ల పదేసి మొక్కలు చూడండి. గుంపులు అక్కడక్కడే ఉంటే ఆ కొమ్మల చివళ్లు తుంచి నీళ్ల బకెట్‌లో వేయండి. సగానికి పైగా మొక్కల మీద ఉండి, అక్షింతల పురుగులు కనబడకపోతే అప్పుడు ఎసిటామిప్రిడ్ లీటరు నీటికి 0.2 గ్రాములు, ఒక్కటే, సాయంత్రం పూట కొట్టండి. ఇంకేమీ కలపొద్దు. మొగ్గ దశలో మారుకా మచ్చల పురుగు రాకుండా 5 శాతం వేప గింజల కషాయం ఒకసారి చాలు. పూత, పిందె దశలో బెట్టగా ఉంటే లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయండి. ఎకరాకు పది పక్షి స్థావరాలు పాతండి. ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన మచ్చలు కనిపిస్తే అది పల్లాకు తెగులు, ఆ మొక్కను వెంటనే పీకేయండి.

వచ్చే రబీకి ఒక పని పెట్టుకోండి. విత్తనానికి మందు పట్టించి నీడన ఆరాక, చల్లే ముందు చివరగా ఎకరాకు సరిపడా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్‌ను బెల్లం నీళ్లతో పట్టించండి. ఎండలో పెడితే బాక్టీరియా చస్తుంది. మినుముకు ఇచ్చే కల్చర్ పెసరకు, అలసందకు కూడా పనికొస్తుంది, శనగకు పనికిరాదు. కొనేటప్పుడు పంట పేరు, గడువు తేదీ చూసుకోండి. మీ బుడిపెలు ఎర్రగా ఉంటే కల్చర్ లేకపోయినా మీ నేలలో బాక్టీరియా బాగానే ఉన్నట్టు.

బుడిపె కోసిన ఫోటో, పీకేశాక ఆ చోట్ల ఫోటో వారం తర్వాత పంపండి. పీకుతున్నప్పుడు పూత కనబడితే మాత్రం వారం ఆగకుండా అదే రోజు చెప్పండి.