మనవడు వేలు పెట్టి చూపించేది ఎందుకు?

ప్రశ్న: మా మనవడికి 14 నెలలు. ‘అత్త’ తప్ప ఇంకో మాట రాలేదు. రోజంతా ఫ్యాను, కాకి, వీధిలో ఆటో, అన్నిటినీ వేలు పెట్టి చూపిస్తూ ‘ఊ ఊ’ అంటాడు. చింపాంజీలు కూడా సైగలతో మాట్లాడతాయనీ, వాటికీ రెండేళ్ల పిల్లలకీ తెలివిలో తేడా లేదనీ మా ఎదురింటావిడ అంటోంది. మొన్న కోటప్పకొండలో కోతి వాడి చేతిలో అరటిపండు లాక్కుపోయింది. అప్పటినుంచి ‘వీడికంటే అదే నయం’ అని ఒకటే ఎగతాళి. నిజంగా తేడా లేదా? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక బామ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ కోతిని పక్కన పెడదాం. దానికి తోక ఉంది. చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్‌లు తోకలేని పెద్ద వానరాలు. మన దేశపు అడవుల్లో ఇవి లేవు. విజయవాడలో ముప్పయ్యేళ్లు జువాలజీ చెప్పాను. ఈ తేడా పరీక్షలో తప్పు రాసేవాళ్లు ఏటా ఉండేవారు కాబట్టి మీ ఎదురింటావిణ్ణి ఏమీ అనను.

పైగా ఆవిడ మాటలో కొంత నిజముంది. అమెరికాలో కాంజీ అనే బోనోబోకి, ఒక రెండేళ్ల పాపకి 660 పనులు నోటితో చెప్పి చేయించి చూశారు. ‘ఫలానాది తీసుకెళ్లి ఫలానా చోట పెట్టు’ లాంటివి. కాంజీ 72 శాతం సరిగ్గా చేసింది, పాప 66 శాతం. అర్థం చేసుకోవడంలో పాప వెనకబడిందన్నమాట!

కానీ తిరిగి చెప్పడం దగ్గర కథ మారిపోతుంది. 1970ల్లో న్యూయార్క్‌లో నిమ్ అనే చింపాంజీకి చేతి సైగలు నేర్పారు. వందకు పైగా నేర్చుకుంది. అది చేసిన అన్నిటికంటే పొడుగు ‘వాక్యం’ ఇదీ: ‘ఇవ్వు కమలా నాకు ఇవ్వు తిను కమలా నాకు తిను కమలా ఇవ్వు నాకు తిను కమలా ఇవ్వు నాకు నువ్వు’. పదహారు సైగలు, విషయం ఒక్క కమలాపండు. సైగలు నేర్చిన వానరాలు చెప్పేదంతా చాలామటుకు ఇలా అడగడమే.

ఇప్పుడు మీవాడి కాకి దగ్గరికొద్దాం. వాడికి కాకి కావాలా? అక్కర్లేదు. ‘బామ్మా, చూశావా!’ అంటున్నాడంతే. 2004లో జర్మనీలో 12 నెలల పిల్లలతో ఇదే పరీక్ష చేశారు. పిల్ల చూపించినప్పుడు పెద్దవాళ్లు ఆ వస్తువునొక్కదాన్నే చూసినా, పిల్ల ముఖాన్నే చూసి నవ్వినా పిల్లలకు తృప్తి లేదు. మళ్లీ మళ్లీ చూపించారు. వస్తువునీ తమనీ మార్చిమార్చి చూస్తూ కబుర్లు చెప్పినప్పుడే తృప్తిపడ్డారు. ఊరికే చూపించి పంచుకోవాలన్న ఈ ఆరాటం వానరాల్లో దాదాపు కనపడదు.

తెలివి అంటారా, ఒక్కోచోట చింపాంజీయే గడుసు. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉగాండా చింపాంజీలకు ఒక పెట్టె ఇచ్చారు. పైకన్నంలో పుల్ల పెట్టి పొడిచి, తర్వాత ముందుకన్నంలోంచి తినేది తీయడం చూపించారు. పైన పొడవడం దండగ పని. పెట్టె లోపల కనపడనప్పుడు చింపాంజీలు రెండూ చేశాయి. గాజులాంటి పెట్టె ఇచ్చాక పైన పొడవడం చాలామటుకు మానేశాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు మాత్రం లోపల కనపడుతున్నా పొడుస్తూనే ఉన్నారు.

ఇది చదివి నవ్వుకున్నాను, మా ఇంట్లో రోజూ చూసేదే కనక. చేగోడీల డబ్బా మూత బిగిస్తే మా ఆవిడ గట్టుకేసి రెండుసార్లు కొట్టి తీస్తుంది. మా మూడేళ్ల మనవరాలు మూత ఊరికే పైన పెట్టి ఉన్నా సరే, రెండుసార్లు కొట్టాకే తీస్తుంది. కిందటి నెల ప్లాస్టిక్ డబ్బా కొన్నాం. దాన్నీ కొడుతోంది. మొద్దుతనం కాదది. పెద్దవాళ్లు చేశారంటే ఏదో కారణం ఉంటుందని నమ్మకం. కాళ్లు కడుక్కుని లోపలికి రావడం, కుడిచేత్తో ఇవ్వడం మనకీ అలాగే అలవాటయ్యాయి, ఎవరూ కారణం చెప్పి నేర్పలేదు.

మీవాడి వేలు మంచి సూచనే. ఏడాదిన్నర నిండినా మాటలు పెరగకపోతే పిల్లల డాక్టరుకి చూపించి చెవులు కూడా పరీక్ష చేయించండి. ఈలోగా వాడు కాకిని చూపించినప్పుడు కాకిని చూడండి, వాడి ముఖమూ చూడండి, ‘అబ్బో, కాకి ఎగిరిపోయిందే!’ అనండి.