తాతయ్య చివరి ఫోన్ ఎత్తలేకపోయాను

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నన్ను పెంచింది అమ్మమ్మ, తాతయ్యలే. తాతయ్య ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. 1971 యుద్ధంలో తూర్పు వైపు పనిచేశారు. రిటైరయ్యాక ఇరవై ఏళ్లు టౌన్‌లో ఒక ఆసుపత్రిలో రోగుల్ని చూసుకున్నారు. ఊళ్లో అందరికీ ఆయన 'మిలటరీ కాంపౌండర్ గారు'. నాకు చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలితే కట్టు కట్టి, బొటనవేలి గోరు నొక్కి నొక్కి చూసేవారు, ఎందుకో తెలీదు. ఐదు నెలల క్రితం రాత్రిపూట గుండెపోటుతో పోయారు. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు. గొంతులో తులసి నీళ్లు కూడా పోయలేకపోయాను. '78 ఏళ్లు బతికాడు, ఇంకా ఏడుపేంటి' అంటున్నారు. అమ్మమ్మ బాధపడుతుందని ఆవిడ ముందు తాతయ్య పేరే ఎత్తను. సంవత్సరీకానికి ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఆ మిస్డ్ కాల్ తప్ప ఏమీ గుర్తు రావట్లేదు.

జవాబు: ఏమీ గుర్తు రావట్లేదన్నావు గానీ తల్లీ, ఆ గోరు సంగతి రాసింది నువ్వే. ఎందుకు నొక్కేవారో చెప్తాను. కట్టు మరీ బిగిస్తే వేళ్లకి రక్తం సరిగ్గా అందదు, అందుకని గోరు నొక్కి వదిలితే తెల్లబడింది కాస్తా వెంటనే మళ్లీ ఎర్రబడుతోందా లేదా అని చూస్తారు. గాయపడిన జవానుకి కట్టు కట్టాక చేసే పరీక్ష అదే, మీ పెరట్లో నీ కాలికీ చేశారు. నువ్వు రాయాల్సింది ఇక్కణ్ణుంచే మొదలుపెట్టు.

ఫోన్ సంగతికి వద్దాం. ఆయన ఆ రోజు ఏదో ముఖ్యమైన మాట చెప్పాలనుకున్నారు, అది నేను వినలేదు, అని నీ మనసులో పడిపోయింది, అవునా? ఇన్నేళ్లూ ఫోన్ చేసి ఏం అడిగేవారో గుర్తు తెచ్చుకో. అన్నం తిన్నావా, ఇల్లు చేరావా, ఇంతేగా? ఆ సాయంత్రం కూడా అదే అడిగి ఉంటారని నా నమ్మకం. ఎత్తలేకపోయానన్న బాధ నిజం, దాన్ని తీసిపారెయ్యమని నేను చెప్పను, ఎన్నాళ్లయినా అప్పుడప్పుడు గుచ్చుతుంది కూడా. కానీ అది తప్పు కాదు. ఆఫీసు మనిషివి, మీటింగ్‌లో ఉన్నావు, అంతే. తులసి నీళ్ల గురించి కూడా అంతే. ఇరవై ఏళ్లు వార్డుల్లో తిరిగిన మనిషికి తెలియంది కాదు, రాత్రంతా మంచం పక్కనే కూర్చున్న కొడుకు టీ తాగొద్దామని అలా వెళ్లేసరికి ఇక్కడ ప్రాణం పోవడం ఎన్నిసార్లు చూసుంటారో. అలాంటి కొడుకుని ఆయన నిందించి ఉంటారా? నువ్వే చెప్పు, ఆయన్ని నాకంటే బాగా ఎరిగినదానివి.

'78 ఏళ్లు బతికాడు' అనేవాళ్లు ఓదార్చాలనే అంటారు, సరే. కానీ పెంచిన మనిషి ఏ వయసులో పోయినా ఏడుపొస్తుంది, ఐదు నెలలంటే నిన్నమొన్నటి సంగతి. ఏడువు. కాకపోతే నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, పనికి వెళ్లలేకపోవడం వారాల తరబడి ఉన్నా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆలస్యం చెయ్యకు, 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నువ్వు మార్చుకోవాల్సింది ఒకటుంది, అది అమ్మమ్మ దగ్గర ఆయన పేరు ఎత్తకపోవడం. ఆవిడ ఆయన్ని మర్చిపోయి కూర్చుందా, నువ్వు ఎత్తితే గుర్తు రావడానికి? నువ్వు బాధపడతావని ఆవిడ, ఆవిడ బాధపడుతుందని నువ్వు, ఇద్దరూ నోరు కట్టేసుకుని ఉంటే అది ఇద్దరికీ శిక్ష. ఒక వారం సెలవు పెట్టి వెళ్లు. ఆయన ట్రంకుపెట్టె తీయండి, ఆర్మీ డిశ్చార్జి పుస్తకం ఉంటుంది, అందులో ఎప్పుడు చేరారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్నీ ఉంటాయి. 1971 డిసెంబర్ 3 నుంచి 16 దాకా ఆయన యుద్ధంలో ఉంటే ఆవిడ ఇక్కడ ఉత్తరం కోసం ఎలా ఎదురుచూసిందో, అప్పటికి పెళ్లయిందో లేదో, అడుగు. ఫోన్‌లో రికార్డు చేసుకో, తర్వాత ఆవిడ గొంతు కూడా నీకు కావాలి. ఆసుపత్రిలో ఆయనతో పనిచేసిన నర్సులు, ఆయాలు ఇంకా ఎవరైనా ఉంటే ఒక పూట వెళ్లి కూర్చో, రోగుల దగ్గర ఆయన ఎలా ఉండేవారో వాళ్లకి తెలిసినంత మీ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆర్మీ మెడికల్ కోర్ నినాదం 'సర్వే సంతు నిరామయాః', అందరూ రోగం లేకుండా ఉండాలని. యూనిఫాం విప్పాక కూడా అదే పని ఎందుకు ఎంచుకున్నారో వాళ్లనే అడుగు.

ఇంకో పని కూడా ఉంది, పనిలో పనిగా చెప్తున్నా. అమ్మమ్మకి ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా? కాకపోతే పీపీవో, అంటే ఆయన పెన్షన్ మంజూరు పత్రం, మరణ ధ్రువపత్రం పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, మిలటరీ పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో ఎలా చెయ్యాలో వాళ్లు చెప్తారు. ఇది కూడా ఆయన కోసం చేసే పనే.

పెట్టెలో పతకాలుంటాయి. 1971లో పనిచేసిన వాళ్లకి సంగ్రామ్ మెడల్ ఇచ్చారు, తూర్పు రంగంలో ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్ కూడా. వాటి మీద ఆయన నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, మెడల్‌కైతే అంచు మీద చూడు. అక్షరాలు చాలా చిన్నవి, అమ్మమ్మకి ఆనవు, ఆవిడ చేతిలో పెట్టి నువ్వే చదివి వినిపించు.