మీరు అడిగిన్రు, మేం చెప్తున్నం: ఫిలిప్పీన్స్‌కు రెండు స్వాతంత్ర్య దినాలా?

ప్రశ్న: మా బిడ్డ దవావోల ఎంబీబీఎస్ సదువుతాంది. జూన్ 12న ఇండిపెండెన్స్ డే, కాలేజీకి సెలవని చెప్పింది. నా దగ్గరున్న జీకే పుస్తకంల 1946 జూలై 4 అని ఉన్నది. ఏది కరెక్టు సార్?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: రెండూ కరెక్టే అన్నా. 1898 జూన్ 12న కవీట్ అనే ఊర్ల తిరుగుబాటు నాయకుడు అగినాల్డో జెండా ఎగరేసి, స్పెయిన్ పీడ పోయింది, ఇగ మాది స్వతంత్ర దేశమని చాటిండు. అదే ఏడాది డిసెంబర్ 10న పారిస్‌ల స్పెయిన్, అమెరికా కూసొని బేరం చేసుకున్నయి, 2 కోట్ల డాలర్లిచ్చి దేశానికి దేశాన్నే అమెరికా తీసుకున్నది, ఫిలిప్పీన్స్ తరఫున పోయినాయన్ని లోపలికి కూడ రానియ్యలే. మళ్ల 1946ల అమెరికా వాళ్లు పోతూ పోతూ వాళ్ల సొంత ఇండిపెండెన్స్ డే రోజే జూలై 4న స్వాతంత్ర్యం ఇచ్చిన్రు. 1962ల ఫిలిప్పీన్స్ ప్రెసిడెంట్ మకపగల్ పండుగను జూన్ 12కు మార్చిండు. ఇంట్ల ఎగ్జామ్స్ రాసే పిల్లలుంటే రెండు తారీఖులూ యాదికి పెట్టుకోమనుండ్రి.

ప్రశ్న: అమెరికా వాళ్లు బడులు పెట్టి ఇంగ్లీష్ నేర్పిన్రు కదా, బ్రిటిషోళ్ల కన్నా నయమే కదా?
- డిగ్రీ స్టూడెంట్, హన్మకొండ

జవాబు: బడులు పెట్టింది నిజమే తమ్ముడూ. 1901 ఆగస్టుల థామస్ అనే మిలటరీ ఓడల దగ్గర దగ్గర 500 మంది టీచర్లు మనీలాల దిగిన్రు, థామసైట్లు అని పేరే పడ్డది. కానీ అప్పటికి ఫిలిప్పీన్స్ వాళ్లకు, అమెరికాకు యుద్ధం నడుస్తనే ఉన్నది. నెల తిరగంగనే సమర్ దీవిల బలంగిగా ఊరోళ్లు తిరగబడి 48 మంది అమెరికా సైనికులను చంపితే, అమెరికా జనరల్ జేకబ్ స్మిత్ పదేండ్లు దాటినోళ్లంత ఆయుధం పట్టేటోళ్లే, చంపుండ్రని ఆర్డరేసిండు. ఆయనకు పడ్డ శిక్ష ఏందంటే మందలించి రిటైర్ చేసుడు, గంతే. ఆ ఊరి చర్చి గంటలు మూడు ఎత్తుకపోయిన్రు, అవి వాపస్ వచ్చింది 2018 డిసెంబర్ల! యుద్ధం, కరువు, కలరా కలిపి 2 లక్షల దాక మామూలు జనం పోయిన్రని లెక్క.

1902 జూలైల యుద్ధం అయిపోయిందన్నరు. ఆ తర్వాత కూడ కొట్లాడినోళ్లకు దొంగలని పేరువెట్టి చట్టం తెచ్చిన్రు. మకారియో సకాయ్ అని భుజాల దాక జుట్టున్న ఆయన అడవిల ఉండి కొట్లాడుతుంటే, క్షమాభిక్ష ఆశ చూపి కిందికి దింపి, కవీతె అనే చోట దావత్‌కు పిలిచి అక్కడే అరెస్ట్ చేసిన్రు, 1907 సెప్టెంబర్ల ఉరి తీసిన్రు. నాకైతే జనరల్ ఆర్డర్ కన్నా ఈ దావతే ఎక్కువ మండుతది. ఆ ఏడాదే ఫిలిప్పీన్స్ జెండా ఎగరేస్తే నేరమని ఇంకో చట్టం, 1919 దాక అట్లనే ఉండె. 1947ల పరకాలల జెండా కోసం వచ్చినోళ్ల మీద తూటాలు పేల్చిన ముచ్చట మీ తాతను అడుగు, జెండా అంటే సర్కార్లకు ఎందుకంత భయమో తెలుస్తది. ఇంగ్లీష్ వచ్చింది, కాదంటలేను, కానీ బడి ఒక దిక్కు, తుపాకి ఒక దిక్కు, రెండూ ఒకే సర్కారు పంపింది.

ప్రశ్న: 1946 తర్వాత అమెరికా మొత్తం ఎల్లిపోయిందా?
- హుజూరాబాద్ పాఠకురాలు

జవాబు: ఎక్కడ పోయిందమ్మా! 1947ల 99 ఏండ్లకు మిలటరీ బేస్‌ల ఒప్పందం రాయించుకున్నది, గనులు, అడవుల మీద అమెరికన్లకు అక్కడోళ్లతోటి సమానంగ హక్కు ఇయ్యాలని వాళ్ల రాజ్యాంగాన్నే మార్పించింది. ఒప్పందం కాలం తర్వాత తగ్గింది, 1991ల కొత్తది ఫిలిప్పీన్స్ సెనేట్‌ల ఓటుకు పెడితే 12-11తోటి వద్దన్నరు, మరుసటి ఏడాది అమెరికా వాళ్ల సుబిక్ నేవీ బేస్ ఖాళీ అయింది.